గాలాడని పొయ్యి

ఆ చలికాలం నేను తిట్టినన్ని తిట్లు ముప్పైనాలుగేళ్ళ కాపురంలో తిట్టి ఉండను. అన్నీ ఒక పొయ్యినే. మనిషిని తిడితే తిరిగి ఒక మాటైనా అంటాడు. ఆ ఇనప్పెట్టె మాత్రం నా మొహాన ఇంత పొగ ఊది ఊరుకునేది.

పొయ్యి అంటే వంట పొయ్యి కాదు, ఇల్లు వెచ్చబెట్టేది. కట్టెలూ బొగ్గులూ ముట్టదు, మొక్కజొన్న గింజలు తింటుంది. వెనక డబ్బాలో రెండు బకెట్ల గింజలు పోస్తే లోపల ఒక మర వాటిని కొద్దికొద్దిగా ముందున్న ఇనుప గిన్నెలోకి తోస్తుంది. గిన్నె చిల్లుల్లోంచి గాలి వస్తుంది, గింజలు మండుతాయి. మండాలి మరి. అక్టోబరులో ఆవుల్ని అమ్మేశాక మా ఆయన మెర్లిన్ ఈ పొయ్యిలకు మా జిల్లా ఏజెంటుగా కుదిరాడు. మిన్నెసోటాలో ఈ మూలన మొక్కజొన్నకేం కరువు? ఎవరి గింజలు వాళ్ళే కాల్చుకుంటారని ఆయన లెక్క. నవంబరు మొదటివారంలో మొదటి పొయ్యి మా ముందుగదిలోనే దించాడు.

"వద్దు," అన్నాను.

"ఇంకా నేనేం చెప్పలేదే."

"ఏం చెప్పినా వద్దు. ఆ మూల నా కుర్చీ ఉంటుంది."

నా సంగతి మా చర్చిలో పిల్లలకు కూడా తెలుసు. ముందు వద్దంటాను, ఆలోచన ఆ తర్వాత. పెళ్ళికి కూడా మూడుసార్లు వద్దన్నాకే ఒప్పుకున్నాను. మెర్లిన్‌కు అది అలవాటే. నేను అరుస్తూ ఉంటే ఆయన తల వంచుకుని పని చేసుకుపోతాడు, ఒక వారం పోయాక నేనే వచ్చి సుత్తి అందిస్తాను. కుర్చీ జరిగింది, పొయ్యి నిలబడింది.

మొదటిరోజు ముట్టించగానే మంట చూసి ఇద్దరం సంబరపడ్డాం. గంట గడిచేసరికి అది నీరసపడింది. చురుగ్గా తెల్లగా పైకి లేవాల్సిన మంట నారింజరంగుకు తిరిగి, కొసన మసి కక్కుతూ, గిన్నె అంచుల మీద వాలి పడుకుంది. అద్దం నల్లబడింది. సాయంత్రానికి ఇంట్లో మాడిన పేలాల వాసన.

"చూడు నీ మంటని. నిద్రపోతోంది."

"గింజల్లో తడి ఎక్కువుందేమో," అన్నాడు మోకాళ్ళ మీద కూలబడి. ఆ మోకాళ్ళు వంగినప్పుడల్లా టకటకమంటాయి, నాకు వినబడుతుంది.

"మన గింజలేగా! మనమేగా ఆరబెట్టాం?"

"గిడ్డంగికి తోలడానికి పదిహేను శాతం తడి ఉన్నా పర్లేదు. దీనికి పదమూడు దాటకూడదు."

సరేనని మళ్ళీ ఆరబెట్టాం. మంట మారలేదు. పొట్టు ఎక్కువై చిల్లులు మూసుకుపోతున్నాయన్నాడు. షెడ్డు వెనక జల్లెడ కట్టి నాలుగు బస్తాలు జల్లించాం. ఆ ఎర్రపొట్టు నా జుట్టులో, లోదుస్తుల్లో, చివరికి కాఫీలో కూడా తేలింది. మంట మారలేదు. గిన్నె అడుగున బూడిద కరిగి గట్టి చిట్టెంలా పేరుకుంటోందని, కోళ్ళకు వేసే ఆల్చిప్పల పొడి తెచ్చి గింజల్లో కలిపాడు. చిట్టెం తగ్గింది. మంట మాత్రం అక్కడే పడుకుంది.

తర్వాత డాలరు నోటు. పొయ్యి తలుపు మధ్య నోటు పెట్టి మూసి లాగాలట. తేలిగ్గా వచ్చేస్తే గాలి దూరకుండా తలుపు చుట్టూ ఉన్న తాడు వదులైనట్టు. నలువైపులా పెట్టి లాగాడు. నోటు రాలేదు. చివరికి చిరిగింది.

"బాగుంది. తలుపు గట్టిదే. డాలరే బలహీనం," అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వేవాడే, అంతకుముందైతే.

అది కూడా అయిందా, పొగగొట్టం. ఆకులు ఊదే యంత్రం తెచ్చి దాని మూతి గొట్టానికి తగిలించాడు. బయట నిలబడి బూడిద వస్తుందో లేదో చూడమన్నాడు నన్ను. వచ్చింది. అంతా నా మీదకే వచ్చింది. నేను లోపలికి వస్తే నన్ను చూసి ఒక్క క్షణం ఎవరో అనుకున్నాడు. తువ్వాలు తెచ్చి చేతికిచ్చి, మళ్ళీ పొయ్యి ముందు కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. మసికి కాదు. పొద్దున నాలుగున్నరకు లేవడం ఆయన ఒంటికి అలవాటు. లేచి, చొక్కా తొడుక్కుని, వెళ్ళడానికి పాకలో ఆవులు లేక, ఆ పొయ్యి ముందు కూర్చుని మేకుతో చిల్లులు గెలికేవాడు. నేను పడుకునే ఆ టకటక శబ్దం వినేదాన్ని. ఎంత ఒళ్ళుమంటో చెప్పలేను.

గ్యాసు కొలిమి ఒకటి నేలమాళిగలో ఉంది. వెలిగిస్తే హాయిగా ఉండేది. కానీ మా ఊళ్ళో గ్యాసు బండి ఎవరి వాకిట్లో ఆగిందో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. పొయ్యిలమ్మేవాడి వాకిట్లోనే ఆగిందంటే ఇక పొయ్యి ఎవరు కొంటారు? అప్పటికే ఆయన మాట మీద ఏడుగురు తీసుకున్నారు, ఇంకో నలుగురు తీసుకుంటామన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, చర్చి కింద భోజనాల హాలుకు రెండు పొయ్యిలు పెట్టాలా వద్దా అని జనవరి చివరి ఆదివారం వార్షిక సమావేశంలో తేల్చబోతున్నారు. ఆ రెండూ పడితే ఆయన మాట నిలిచినట్టే. జనం మళ్ళీ ఆయన్ని పిలుస్తారు, అడుగుతారు, ఆయన లేచి వెళ్ళడానికి ఒక చోటు ఉంటుంది. అంతకు మించి ఆయనకేమీ అక్కర్లేదు.

ఇదంతా తెలిసి కూడా నా నోరు ఊరుకుందా? లేదు.

బుధవారాలు చర్చిలో ఆడవాళ్ళం బొంతలు కుడతాం, ఎక్కడెక్కడి బీదవాళ్ళకో పంపడానికి. పన్నెండు మందిమి ఒక బల్ల చుట్టూ. అక్కడ డొలోరెస్ అని ఒకావిడ, గొంతు పెద్దది, మనసు మంచిదే. వాళ్ళాయన ఎల్డన్ పొయ్యి కొంటానన్న నలుగురిలో ఒకడు.

"ఏమే ఆర్డిస్, మీ పొయ్యి ఎలా ఉంది?" అంది డొలోరెస్.

"పొయ్యి అనకు తల్లీ, ముసలాడను. మూలన కూర్చుని దగ్గుతూ చుట్ట కాలుస్తున్నాడు."

బల్లంతా పగలబడి నవ్వింది. నవ్వేవాళ్ళు ఎదురుగా ఉంటే నేను ఆగలేను. పేలాల వాసన, డాలరు నోటు, నా మొహాన మసి, అన్నీ అభినయంతో సహా చెప్పాను. ఒకావిడ సూది గుచ్చుకుని కూడా నవ్వింది. ఆవులు పోయాక నేను జనాన్ని అంత నవ్వించింది అదే మొదలు. మరుసటి బుధవారం వాళ్ళే అడిగారు, ముసలాడు ఎలా ఉన్నాడని. ఇంకొంచెం కల్పించి మరీ చెప్పాను.

విచిత్రం ఏమిటంటే, బుధవారం నేను ఇంటికొచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉండేది. అద్దం శుభ్రంగా, మంట నిటారుగా, కొసన మసి అన్నది లేకుండా.

"చూశావా," అనేవాడు మెర్లిన్, కొంచెం సిగ్గుగా.

అరగంటలో మళ్ళీ మొదలు. మంట వాలేది, పొగ చిమ్మేది.

"నేనొస్తే దీనికి ఎందుకింత మంట!" అని అరిచాను ఒకసారి. "నా కాళ్ళ చప్పుడు విని పడుకుంటోందా?"

"గాలి," అన్నాడాయన మెల్లగా. "దీనికి గాలి చాలడం లేదు."

"గాలా! బయట గంటకు ముప్పై మైళ్ళ గాలి ఇల్లు ఎగరగొడుతుంటే గాలి లేదంటావేం?"

ఆయన ఏదో అనబోయి కిటికీ వైపు చూశాడు. తర్వాత బూడిద పళ్ళెం తీసుకుని బయటికి వెళ్ళాడు.

ఆ కిటికీల సంగతి చెప్పాలి. చలికాలం వచ్చే ముందు ప్రతి ఇల్లూ మూస్తారు ఇక్కడ. కానీ నేను మూసినట్టు ఎవరూ మూయరు, ఇది గొప్ప కాదు, ఉన్నమాట. పధ్నాలుగు కిటికీలకూ లోపల్నించి ప్లాస్టిక్ పొర అంటించి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి గాలి కొడితే అది డప్పులా బిగుసుకుంటుంది. వేలితో కొడితే మోగాలి. తలుపుల కింద గుడ్డలు చుట్టిన గొట్టాలు. ఇంటి పునాది చుట్టూ గడ్డి మోపులు, వాటి మీద నల్ల టార్పాలిన్ పట్టా. కరెంటు మీటరు ఉన్న గోడ కన్నాల్లో కూడా దూది కుక్కుతాను. చీమ దూరే సందు ఉండదు. ఆ పని పూర్తయిన రోజు కొవ్వొత్తి వెలిగించి ఇల్లంతా తిరుగుతాను. కొవ్వొత్తి ఎక్కడా రెపరెపలాడకపోతే ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపడుతుంది. ఆ ఏడాది ఇంకాస్త గట్టిగా మూశాను. చేతులకు వేరే పని లేదు మరి.

క్రిస్మస్‌కు ముందు శనివారం ఎల్డన్ వచ్చాడు. బండి దిగలేదు. ఇంజను ఆపకుండానే కిటికీ అద్దం దించి కూర్చున్నాడు, మెర్లిన్ మంచులో నిలబడ్డాడు. నేను ప్లాస్టిక్ పొర వెనకనించి చూస్తున్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మా మగవాళ్ళు ఇరవై నిమిషాలు మాట్లాడితే పంతొమ్మిది నిమిషాలు మంచు గురించే. ఆఖరి నిమిషంలో మెర్లిన్ టోపీ అంచు ముట్టుకుని తల ఊపాడు. మా దగ్గర ఎవరూ మొహం మీద కాదని చెప్పరు. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటారు. ఆ మాట దూరం నుంచే అర్థమైంది నాకు.

"ఏమన్నాడు ఎల్డన్?"

"మంచు ఇంకా పడుతుందన్నాడు."

సూపు తాగి, గిన్నె కడిగి బోర్లించి, పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. జనవరి మొదటివారం దాటేలోగా మిగతా ముగ్గురికీ కూడా వచ్చే ఏడు చూడాలనిపించింది. వాళ్ళ ముగ్గురి భార్యలూ బుధవారం బల్ల దగ్గర కూర్చునేవాళ్ళే. నాకు తట్టకపోలేదు. తట్టింది గనకే ఇంకా కోపం వచ్చింది. వంకర పొయ్యిని తెచ్చి జనానికి అంటగట్టమని నేను చెప్పానా?

జనవరి మధ్యలో చలి విరుచుకుపడింది. పగటిపూట సున్నాకు ఇరవై రెండు కింద. పొయ్యికి ఎంత గింజ పోసినా కక్కేది పొగే. మధ్యాహ్నం భోజనాల వేళ పొగ పట్టి మోగే గంట ఇంటి కప్పు మీద కుయ్యోమని మొదలెట్టింది. మెర్లిన్ కుర్చీ ఎక్కి దాని నోరు నొక్కుతున్నాడు, కుర్చీ మీద ఆయన మోకాలు వణుకుతోంది. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, దగ్గుతో ఊపిరి ఆడటం లేదు.

"చాలు!" అన్నాను. "చాలింక. బయట పారెయ్ దాన్ని. ఆవుల్ని అమ్మి ఇంట్లోకి ఈ దయ్యాన్ని తెచ్చావు. నలభై రెండు ఆవులు, మెర్లిన్! ఏ ఒక్కటీ నన్నింత ఏడిపించలేదు."

అక్టోబరు నుంచి ఆ ఇంట్లో ఆవులన్న మాట ఎవరం ఎత్తలేదు. అదే మొదలు. ఆయన కుర్చీ దిగాడు. కోటు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే పాక తలుపు తీసుకుని లోపలికి వెళ్ళడం కనిపించింది. అందులో ఏముంది, ఖాళీ కొట్టాలు తప్ప?

నేనూ కోటు తొడుక్కుని కారెక్కాను. ఎక్కడికని లేదు. రెండు మైళ్ళు పోయాక లావొన్ ఇల్లు కనిపిస్తే అటు తిప్పాను. లావొన్ బడి బస్సు నడుపుతుంది, భర్త పోయాడు, ఒంటరిది. నవంబరులో మెర్లిన్ దగ్గర పొయ్యి కొన్న మొదటి మనిషి తనే. బుధవారాలు బస్సు ఉంటుంది గనక బొంతల దగ్గరికి రాదు.

తలుపు తీయగానే వెచ్చదనం మొహానికి తగిలింది. మూలన అదే పొయ్యి. అదే ఇనుము, అదే గిన్నె. మంట మాత్రం జానెడు ఎత్తున, తెల్లగా, చురుగ్గా ఆడుతోంది. అద్దం మీద చుక్క మసి లేదు.

"ఏం పోస్తున్నావే దీనికి?" అన్నాను, కోటు కూడా విప్పకుండా.

"మీ గింజలే. మెర్లిన్ పోసి వెళ్ళినవే."

"జల్లిస్తావా? ఆల్చిప్పలా? చిల్లులు గెలుకుతావా?"

"వారానికోసారి బూడిద తీస్తాను. ఏమైంది ఆర్డిస్, కూర్చో ముందు."

నేను కూర్చోలేదు. పొయ్యి వెనక్కి వంగి చూశాను. దాని నడుం కింద నుంచి పిడికిలి లావు గొట్టం ఒకటి బయలుదేరి నేరుగా గోడలోకి పోతోంది.

"ఇదేమిటి?"

"గాలి గొట్టం. బయటి గాలి దానికి." లావొన్ నవ్వింది. "మీ ఆయన సామాన్యుడు కాదమ్మా. గోడకు కన్నం పెట్టనిస్తేనే పొయ్యి ఇస్తానన్నాడు. లేకపోతే ఇంట్లో గాలే తాగుతుందట, ఇల్లు గట్టిగా మూసి ఉంటే చాలదట. నా గోడకు చిల్లు పెడుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. మీ ఇంట్లో మాత్రం ఎక్కడ పెట్టాడు?"

కాఫీ ఇచ్చింది. తాగాననే అనుకుంటాను.

నేను తిరిగి వచ్చేసరికి మెర్లిన్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో మేకు. నేను వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి ప్లాస్టిక్ పొరను పై మూల నుంచి చర్రున చింపాను. కిటికీ గడ్డకట్టుకుపోయి ఉంది. సుత్తి పిడితో నాలుగు దెబ్బలు వేసి రెండంగుళాలు పైకి ఎత్తాను. చలి లోపలికి పడింది. నిమిషం పట్టిందో లేదో, ముందుగదిలో మంట తల ఎత్తింది. పసుపై, తెల్లబడి, నిటారుగా నిలబడింది.

మెర్లిన్ మంట వైపు చూడలేదు. చిరిగి వేలాడుతున్న ప్లాస్టిక్ వైపు చూస్తున్నాడు.

"బుధవారాలు ఏం చేసేవాడివి?" అన్నాను.

"వెనక తలుపు తీసి ఉంచేవాణ్ణి."

"ఎంత?"

"బొటనవేలంత."

"లావొన్ గోడకు కన్నం పెట్టావు. ఏడుగురి గోడలకూ పెట్టావు. నా గోడకెందుకు పెట్టలేదు? రెండు నెలలు, మెర్లిన్! మసి మింగాను. ఊరంతా చెప్పుకుని నవ్వాను నిన్ను చూసి. ఒక్క మాట, ఒక్క మాట నాతో అనడానికి నీకేమైంది?"

ఆయన లేచాడు. కిటికీ దించాడు. సొరుగులోంచి టేపు తీసి, చిరిగినంత మేరా ఓపిగ్గా అంటించి, వేలితో నొక్కి చూశాడు.

"సూపు పెట్టనా?" అన్నాడు.

ఆ క్షణంలో ఆయన్ని కొట్టి ఉండేదాన్ని. నిజంగా.

జనవరి చివరి ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం హాలులోకి దిగాం. నూనె కొలిమి చచ్చిపోయి ఏడాదైంది. కోట్లు వేసుకునే బంగాళాదుంపల కూర తిన్నాం. సమావేశం నడిపేది హార్లన్. కప్పు రిపేరు, శ్మశానం కంచె, ఆదివారం బడి అన్నీ అయ్యాక పొయ్యిల దగ్గరికి వచ్చాడు. మెర్లిన్ లేచి, కాగితం చూడకుండా, ఎంత గింజ పడుతుందో, ఎంత వేడి వస్తుందో చెప్పాడు. బాగా చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడటం ఆ శీతాకాలంలో నేను వినలేదు.

"ఎవరికైనా ఏమైనా ఉందా?" అన్నాడు హార్లన్.

ఎల్డన్ కాఫీ కప్పులోకి చూస్తూ, "కొన్ని ఇళ్ళల్లో అంత బాగా మండటం లేదని వినికిడి," అన్నాడు.

ఎవరూ నా వైపు చూడలేదు. అరవైమంది ఒక మనిషి వైపు చూడకుండా ఉండటం ఎంత కనబడుతుందో అప్పుడే తెలిసింది నాకు. లేచి నిలబడ్డాను. మా దగ్గర ఆడవాళ్ళు వార్షిక సమావేశంలో వంటింటి తువ్వాళ్ళ గురించి తప్ప లేవరు. ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాను.

"ఆ ఇల్లు మాదే," అన్నాను. "పొయ్యిలో ఏ లోపం లేదు. దానికి బయటి గాలి కావాలి. గోడకు ఒక కన్నం కావాలి. నేను ఇల్లు డబ్బాలా మూసి కూర్చున్నాను, అది ఊపిరాడక పొగ కక్కింది. మెర్లిన్ అందరికీ సరిగ్గా పెట్టాడు, ఒక్క నా ఇంట్లో తప్ప. బుధవారం నేను చెప్పిన కథలన్నీ నా మూర్ఖత్వం. ఆయనది కాదు."

కూర్చున్నాను.

"అయితే ఈ హాలు గోడకు కూడా కన్నం పెట్టాలా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పెట్టాలి," అన్నాడు మెర్లిన్.

"రాతి గోడ కదా. మా తాతలు కట్టింది."

ఇంకొకరు గొంతు సవరించుకున్నారు. వచ్చే ఏడు మళ్ళీ చూద్దామని హార్లన్ అన్నాడు, చేతులు లేచాయి. చెరకుపాకం బిళ్ళల పళ్ళెం తిరగడం మొదలైంది. డొలోరెస్ వచ్చి నా భుజం నొక్కింది. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది.

"మీ ఆయన్ని ఎంత బాగా వెనకేసుకొచ్చావే. భార్య అంటే నువ్వు," అంది.

"అది నిజం డొలోరెస్! నేను చెప్పింది నిజం!"

"అవునమ్మా, అవును," అంది, చంటిపిల్లను ఊరుకోబెట్టినట్టు.

నేను నెలల తరబడి కల్పించి చెప్పినవన్నీ నమ్మారు. ఒక్కసారి నిజం చెబితే మొగుడి పరువు కోసం అబద్ధమాడాననుకున్నారు. గిన్నె మూత పెట్టుకుని బయటికి వచ్చేశాను.

బండి మైలు దూరం వచ్చింది. ఎండ మంచు మీద పడి కళ్ళు పొడుస్తోంది.

"పోయింది," అన్నాను. "నా నోటివల్లే పోయింది."

"గోడవల్ల పోయింది."

"నన్ను ఊరుకోబెట్టకు మెర్లిన్, ఇప్పటికే ఒకావిడ ఊరుకోబెట్టింది. అడగాల్సింది నువ్వు. అడిగి ఉంటే అరిచేదాన్ని, వారం అరిచేదాన్ని, ఆ తర్వాత నేనే డ్రిల్లు అందించేదాన్ని. అది తెలియదా నీకు? ఇప్పుడడుగు."

"ఏమని?"

"కన్నం గురించి. అడుగు."

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "గోడకు కన్నం పెట్టనా, ఆర్డిస్?" అన్నాడు.

"వద్దు," అన్నాను. ఆలోచించలేదు, నోట్లోంచి వచ్చేసింది అంతే.

మెర్లిన్ నవ్వాడు. ఆ చలికాలంలో మొదటిసారి. నవ్వి నవ్వి, బండి రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. రెండు చేతులూ స్టీరింగు చక్రం మీదే ఉన్నాయి.

"ఆ మాట అంటావో లేదోనని భయపడ్డాను," అన్నాడు. "మళ్ళీ సరే అంటావేమోనని. అందుకే అడగలేకపోయాను."

"మళ్ళీ ఏమిటి? నేనెప్పుడన్నాను సరే అని?"

"సెప్టెంబరులో. పాలగిన్నెలు కడుగుతున్నాం. అమ్మేద్దామా అని అడిగాను. నువ్వు చేతులు తుడుచుకుని సరే అన్నావు."

నాకు గుర్తుంది. ఆయన మోకాళ్ళు గుర్తున్నాయి. అంతకుముందు చలికాలం పాక ముందు మంచులో రెండుసార్లు పడ్డాడు, రెండోసారి లేవలేక పాకుతూ ఇంటిదాకా వచ్చాడు. ఇక ఓపిక లేదని ఎలా చెప్పాలో తెలియక అడుగుతున్నాడనుకున్నాను. నేను అడ్డుపడితే ఆ మోకాళ్ళతో ఇంకో పదేళ్ళు ఈడుస్తాడని, నోటిదాకా వచ్చిన 'వద్దు'ను మింగి, ఆ ఒక్కమాట అన్నాను.

"నీకు అమ్మాలని ఉందనే అన్నాను," అన్నాను.

"నువ్వు వద్దంటావనే అడిగాను," అన్నాడు మెర్లిన్. "నువ్వెప్పుడూ వద్దంటావుగా. ఒకసారి నీ నోట అనిపించుకుంటే నాకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. సరే అన్నావు. ఇక నేనేం చేయను? నీకూ విసుగొచ్చిందేమో అనుకున్నాను."

పెళ్ళయిన ముప్పైనాలుగేళ్ళలో ఆ మనిషి ఏది అడిగినా అడ్డం చెప్పాను. చొక్కా రంగు దగ్గర్నించి పిల్లల పేర్ల దాకా. అడ్డం చెప్పకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

"నాకు అమ్మాలని లేదు మెర్లిన్."

"నాకూ లేదు," అన్నాడు.

ఇంజను ఆగి ఉంది. అద్దాల మీద మా ఊపిరి మంచుగా పేరుకుంటోంది. బండి లోపల చలి బయటి చలితో సమానమయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.